విడుదలకు 15 రోజుల ముందు



నాంపల్లి క్రిమినల్ కోర్టుల ముందు పొద్దున పదిన్నరకు నిలబడితే సగం ఊరు అక్కడే ఉన్నట్టు కనిపిస్తుంది. నల్లకోట్లు, జిరాక్స్ దుకాణాలు, టీ బండ్లు, పేషీకి పేరు ఎప్పుడు పిలుస్తారా అని గోడవారగా కూర్చున్న కుటుంబాలు. ఈ రోజు నేను మాట్లాడబోయేది ఆ మెట్లు ఎక్కించకూడని వాళ్ల గురించి. 18 ఏళ్లు నిండని పిల్లలు కేసులో పట్టుబడితే వాళ్ల సంగతి చూడవలసింది బాల న్యాయ మండలి. అందులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. ఆ ఇద్దరిలో కనీసం ఒకరు మహిళ. ఈ మండలి కోర్టు ఆవరణలో గానీ జైలు ఆవరణలో గానీ కూర్చోకూడదనీ, పిల్లలుండే పరిశీలన గృహంలోనో దానికి దగ్గర్లోనో కూర్చోవాలనీ 2016 నాటి నియమాలు చెబుతున్నాయి. కోర్టు వాతావరణం పిల్లల మీద పడకూడదన్నది ఆ నియమం వెనక ఉన్న ఆలోచన.

హైదరాబాదులో మగపిల్లల పరిశీలన గృహం సైదాబాదులో ఉంది. నాంపల్లి రైల్వే స్టేషను వెనక బస్తీలో పట్టుబడినా, అబిడ్స్ చౌరస్తాలో పట్టుబడినా, కుర్రాడిని బయట ఉంచలేమని మండలి అనుకుంటే అతను చేరేది అలాంటి చోటికే. ఇళ్లలో మాత్రం పరిశీలన గృహం అని ఎవరూ అనరు. "మావాడు సైదాబాద్ హోమ్‌లో ఉన్నాడు" అంటారు, అదీ గొంతు తగ్గించి. వాడు ఎప్పుడు బయటికొస్తాడన్నది అందరూ అడుగుతారు. వచ్చాక ఏ ఇంట్లోకి, ఏ గల్లీలోకి, ఏ పనిలోకి వస్తాడన్నది అడిగేవాళ్లు తక్కువ. నా మాటలన్నీ ఆ రెండో ప్రశ్న చుట్టూనే.

2022లో దేశమంతటా పిల్లలు నిందితులుగా నమోదైన కేసులు 30 వేలు దాటాయని జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి. పట్టుబడ్డవాళ్లలో నాలుగింట మూడొంతులకు పైగా 16, 18 ఏళ్ల మధ్య వయసువాళ్లు. ఏటా వచ్చే ఈ లెక్కల్లో నన్ను ఆపేసేది ఇంకొకటి ఉంది. వీళ్లలో ఎక్కువమంది అనాథలు కారు. పట్టుబడే నాటికి అమ్మానాన్నలతో కలిసి ఉంటున్నవాళ్లే. అంటే తిరిగి వెళ్లడానికి ఇల్లు ఉంది. ఉన్న ఆ ఇల్లు వాణ్ణి తిరిగి తీసుకునే స్థితిలో ఉందా లేదా అని చూసే పని మనలో ఎవరిదీ కాకుండా పోతోంది.

చట్టం మాత్రం చూడమనే చెప్పింది. 2016 జనవరి 15 నుంచి అమల్లో ఉన్న బాల న్యాయ చట్టం పిల్లవాణ్ణి 24 గంటల్లో మండలి ముందు హాజరుపరచమంటుంది. కేసు బెయిలుకు వీలైనదైనా కాకపోయినా, బెయిలు మీద ఇంటికి పంపడమే మామూలు పద్ధతిగా పెట్టుకోమంటుంది. బయటికి పంపితే వాడు నేరగాళ్ల చేతిలో పడతాడనో, వాడికే ప్రమాదమనో, న్యాయానికి భంగమనో నమ్మదగ్గ కారణం ఉంటేనే ఆపాలి. ప్రొబేషన్ ఆఫీసరు రెండు వారాల్లో ఇంటికి వెళ్లి, చుట్టుపక్కల విచారించి నివేదిక ఇవ్వాలి. విచారణ నాలుగు నెలల్లో ముగియాలి, తప్పదనుకుంటే ఇంకో రెండు నెలలు. తప్పు చేశాడని తేలినా మందలించి పంపడం దగ్గర్నుంచి, సమాజ సేవ చేయించడం, మంచి నడవడి షరతు మీద ఇంట్లోనే ఉంచడం దాకా ఎన్నో దారులున్నాయి. ప్రత్యేక గృహంలో మూడేళ్ల వరకు ఉంచడం వాటిలో చివరిది.

లోపలికి వెళ్లిన ప్రతి పిల్లవాడికీ ఒక వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక రాయాలి. నియమావళిలో దానికో నమూనా ఫారం ఉంది. ఆ ఫారాన్ని తీరిగ్గా చదివితే ఎవరో మనసు పెట్టి రాశారని తెలుస్తుంది. మొదటి మూడు నెలలు పదిహేను రోజులకోసారి, ఆ తర్వాత నెలకోసారి వాడెలా ఉన్నాడో రాయాలి. విడుదలకు 15 రోజుల ముందు ఒక నివేదిక సిద్ధం కావాలి. విడుదలయ్యాక వాడి సొమ్ము, వాడి వస్తువులు వాడికో తల్లిదండ్రులకో అప్పగించారా, బ్యాంకు ఖాతా సంగతేమైంది, ఇంట్లోవాళ్లు వాడితో ఎలా ఉంటున్నారు, ఇరుగుపొరుగు ఎలా చూస్తున్నారు, నేర్చుకున్న పనిని వాడుకుంటున్నాడా, బడిలో చేరాడా, ఇవన్నీ రాయడానికి గళ్లున్నాయి. విడుదలైన రెండు నెలల తర్వాత ఒకసారి, ఆరు నెలల తర్వాత ఒకసారి వెళ్లి చూసి మళ్లీ రాయాలి.

ఇరుగుపొరుగు ఎలా చూస్తున్నారు అన్న ఆ గడి దగ్గర నేను ఆగిపోతాను. దాన్ని నింపే చెయ్యి ప్రొబేషన్ ఆఫీసరుది. అందులో ఏం రాయాలో తేల్చేది మాత్రం నాంపల్లిలో, అబిడ్స్‌లో ఉన్న మనం.

ఒక కుర్రాణ్ణి ఊహించుకుందాం. పేరు వద్దు, 16 ఏళ్లు. స్టేషనుకు దగ్గర్లో ఒక గది ఇల్లు. ఎనిమిదో తరగతితో బడి మానేశాడు. మార్కెట్లో బండ్ల దగ్గర సామాను దించేవాడు, జనవరిలో నుమాయిష్ ప్రదర్శన వస్తే ఆ నెలన్నర ఏదో స్టాల్లో పని. తనకన్నా పెద్దవాళ్లతో కలిసి ఫోను లాక్కున్న కేసులో దొరికాడు. లోపల నాలుగు నెలలున్నాడు. వేళకు తిన్నాడు, వేళకు నిద్రపోయాడు, కుట్టుపని కొంత నేర్చుకున్నాడు. సారు ఎదుట తల దించుకుని బుద్ధిగా ఉన్నాడు. ప్రతి పదిహేను రోజుల నివేదికలోనూ "ప్రవర్తన బాగుంది" అని పడింది.

ఈ నాలుగు నెలల్లో ఇంట్లో ఏం జరిగింది? పిల్లలకు ఉచితంగా వకీలును ఏర్పాటు చేయడం మండలి బాధ్యత. ఆ సంగతి తెలియక తల్లి వడ్డీకి తెచ్చి ఎవరికో ఫీజు కట్టింది. ములాఖత్‌కు వెళ్లిన ప్రతిసారీ నాలుగు ఇళ్లలో పని మానుకోవలసి వచ్చింది. ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది కాబట్టి చార్జీ తప్పింది, రోజు కూలి మాత్రం తప్పలేదు. తండ్రి ఒక్కసారీ వెళ్లలేదు. "వాడి మొహం నాకు చూపించకు" అన్నాడు. అక్కకు చూసిన సంబంధం వెనక్కి పోయింది. కారణం వీడేనని అందరూ అన్నారు, వీడికి మాత్రం ఎవరూ చెప్పలేదు. పక్కింటివాళ్లు తమ పిల్లల్ని ఆ గుమ్మం తొక్కనివ్వడం మానేశారు. బస్తీ వాట్సాప్ గ్రూపులో వాడి ఫొటో తిరిగింది.

ఇప్పుడు వాడు వస్తున్నాడు. నాలుగు నెలలు మనం పిల్లవాణ్ణి సిద్ధం చేశాం, ఇంటిని వదిలేశాం. నారుమడిలో నారు ఎంత ఏపుగా పెరిగినా, దమ్ము చేయని పొలంలో నాటితే వేరు పట్టదు. నాటేముందు పొలానికి నీళ్లు పెట్టి, దున్ని, చదును చేయాలని రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఇంటికి పంపే పనిలో ఆ దమ్ము చేయడం మనకు పట్టడం లేదు.

విడుదలకు ముందు ఇంట్లో మాట్లాడుకోవలసినవి చిన్నవేం కావు. తండ్రి రానంటే ప్రొబేషన్ ఆఫీసరే ఆ తండ్రి పనిచేసే చోటికి వెళ్లి కూర్చోవాలి. కొడుకు వచ్చాక మొదటి పూట అన్నం దగ్గర ఏం మాట్లాడకూడదో ఆయనతో ముందే చెప్పాలి. అప్పు ఎంతుందో, దాన్ని ఎలా తీర్చుకుంటారో పిల్లవాడి ఎదుట ఒక్కసారి నిజాయతీగా చెప్పి వదిలేయాలి. రోజూ అన్నంలో కలిపి పెట్టకూడదు. అక్క పెళ్లి సంగతి వాడికి అమ్మ నోటినుంచే తెలియాలి. గల్లీ చివర బైకు మీద కూర్చునే వాళ్ల నోట తెలిస్తే ఆ రాత్రి వాడు ఇంటికి వస్తాడన్న నమ్మకం ఉండదు.

దీనికి చట్టంలో ఒక చక్కని వీలుంది. చాలామందికి తెలియదు, తెలిసినవాళ్లూ అరుదుగా వాడతారు. పరీక్షలు, బంధువుల పెళ్లి, దగ్గరివాళ్ల మరణం, తల్లిదండ్రుల జబ్బు, ఇలాంటి సందర్భాల్లో పిల్లవాణ్ణి పర్యవేక్షణ మీద కొన్నాళ్లు ఇంటికి పంపవచ్చు. ఒక్కో విడతలో మామూలుగా ఏడు రోజులు మించకుండా, ప్రయాణం రోజులు విడిగా. అలా వచ్చిన ఏ అవకాశాన్నీ వదులుకోవద్దని నా మనవి. ఆ నాలుగైదు రోజుల్లో ఇంట్లో ఎక్కడ బిగుసుకుంటుందో, ఎవరు పలకరిస్తారో, ఎవరు తలుపు వేసుకుంటారో తెలిసిపోతుంది. తిరిగి లోపలికి వచ్చాక దాని మీద పని చేయడానికి వ్యవధి మిగులుతుంది. విడుదలయ్యాక తెలిస్తే చేయగలిగింది తక్కువ.

ఇంటి తర్వాత గండం పగటి పూట. పొద్దున పదింటి నుంచి సాయంత్రం అయిదింటి దాకా ఖాళీగా ఉన్న 16 ఏళ్ల కుర్రాడి కోసం పాత స్నేహితులు వెతుక్కుంటూ వస్తారు. ఎనిమిదో తరగతితో మానేసినవాణ్ణి మళ్లీ బడి బెంచీ మీద చిన్నపిల్లల పక్కన కూర్చోబెడితే వాడు రెండో రోజు రాడు. అందుకని ఓపెన్ స్కూలు. తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ అబిడ్స్‌కు నడిచి వెళ్లేంత దూరంలో, బషీర్‌బాగ్‌లో ఎల్‌బీ స్టేడియం ఎదుట ఉంది. 14 ఏళ్లు నిండితే పదో తరగతికి కట్టవచ్చు. పని చేసుకుంటూ చదవవచ్చు. నాంపల్లి పక్కనే మల్లేపల్లిలో ప్రభుత్వ ఐటీఐ ఉంది. వీటికి కావలసింది ఒక పాత టీసీ, ఒక ఆధార్, ఒక పుట్టిన తేదీ కాగితం. విడుదలైన వారంలో వీటి కోసం తిరగడం మొదలుపెడితే ప్రవేశాల గడువు దాటిపోతుంది, ఇంకో ఏడాది ఖాళీ. కుర్రాడు లోపలున్న మొదటి నెలలోనే ఈ కాగితాలు చేతికి రావాలి. ఇంత మామూలు విషయాన్ని రేడియోలో చెప్పాలా అనిపించవచ్చు. ఒక్క కాగితం లేక ఒక ఏడాది పోవడం ఈ వయసులో మామూలు విషయం కాదు.

ఇప్పుడు అబిడ్స్‌లో, జగదీశ్ మార్కెట్‌లో, నాంపల్లి ఫర్నిచర్ దుకాణాల్లో కౌంటరు మీద రేడియో పెట్టుకుని వింటున్న వాళ్లుంటే, ఈ మాట మీతోనే. మీ దగ్గర పనికి కుర్రాళ్లు కావాలి. ఈ పిల్లల్లో చాలామందికి చేతులు చురుకు. ఫోను విప్పి బిగించడం, కుట్టడం, చెక్క మీద పని, ఏదైనా ఉస్తాద్ దొరికితే మూడు నెలల్లో అందుకుంటారు. 14 ఏళ్లు దాటినవాణ్ణి ప్రమాదం లేని పనిలో పెట్టుకోవడం నేరం కాదు. కానీ సాయంత్రం 7 నుంచి పొద్దున 8 దాకా వాడితో పని చేయించకూడదు, రోజంతా నిలబెట్టకూడదు. జీతం వాడి చేతికే ఇవ్వాలి. పట్టి ఉంచుకుంటే అది దోపిడీ కిందికి వస్తుంది. మొదటి నెల గల్లా దగ్గర కూర్చోబెట్టమని నేను అడగను. కొట్టులో ఏదైనా పోతే ముందు వాణ్ణే అనుమానించవద్దని మాత్రం అడుగుతాను. ఉద్యోగం ఇచ్చి, రోజూ జేబులు తడిమితే వాడు రెండు వారాలకు మించి నిలబడడు. తప్పు వాడిదేనని మళ్లీ అందరూ అంటారు.

పోలీసుల సంగతీ ఇక్కడే చెప్పాలి. ఏరియాలో ఫోను పోతే పాత కేసున్న పిల్లల్ని ముందు పిలిపించడం ఒక అలవాటు. స్టేషనుకు పిలిచి గంట కూర్చోబెట్టి పంపినా బస్తీ మొత్తం చూస్తుంది, దుకాణం సేఠ్‌కు కబురు చేరుతుంది, మరునాడు పని పోతుంది. ప్రతి పోలీసు స్టేషనులో పిల్లల సంక్షేమం చూసే అధికారి ఒకరు, కనీసం ఏఎస్సై హోదాలో ఉండాలని చట్టంలో ఉంది. అబిడ్స్ స్టేషనులోనూ, నాంపల్లి స్టేషనులోనూ ఆ అధికారికి విడుదల తేదీ ముందే తెలియాలి. ఇంటికి వచ్చిన వారంలో ఒకసారి మామూలు బట్టల్లో వెళ్లి తల్లిని పలకరించి, "ఏదన్నా ఉంటే నాకు ఫోన్ చెయ్యమ్మా" అని నంబరిచ్చి వస్తే, ఆ ఇంటికి అది కొండంత అండ.

ఇక ఫొటోలు పంచుకునే వాళ్లకు. కేసులో ఉన్న పిల్లల పేరు, చిరునామా, బడి, ఫొటో, ఏది బయటపెట్టినా ఆరు నెలల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఇది పత్రికలకూ టీవీలకూ ఎంత వర్తిస్తుందో బస్తీ గ్రూపుకూ అంతే. చట్టం ఇంకా ముందుకు వెళ్లింది. పెద్దవాళ్లలాగా విచారణ జరిగిన కొద్దిమంది కేసులు వదిలేస్తే, మిగతా పిల్లలకు ఆ తీర్పు వల్ల ఉద్యోగానికీ చదువుకూ ఏ అడ్డూ ఉండకూడదంది, గడువు తీరాక ఆ కాగితాలే నాశనం చేయమంది. ప్రభుత్వం తన దస్త్రాన్ని చించేస్తుంటే మన ఫోన్లలో ఆ ఫొటో ఉండిపోవడం నాకు చాలా బాధ కలిగించే సంగతి.

ఆడపిల్లల గురించి ఒక మాట. వీళ్ల సంఖ్య తక్కువ, కాబట్టి చర్చా తక్కువ. కొడుకు తిరిగొస్తే తిట్టి అన్నం పెడతారు, కూతురు తిరిగొస్తే బంధువుల ఊరికి పంపేద్దామంటారు, లేకపోతే గబగబా పెళ్లి చేసేద్దామంటారు. 18 నిండకముందు చేసే ఆ పెళ్లి ఇంకో నేరం. ఆమె ఇంటికి వెళ్లే ముందు తల్లితో, అమ్మమ్మతో, మేనత్తతో విడివిడిగా మాట్లాడగలిగే మహిళ ఒకరు తప్పనిసరిగా ఉండాలి.

కుటుంబాన్ని ముందు కూర్చోబెట్టడం ఎక్కడైనా జరిగిందా అంటే, న్యూజిలాండ్ 1989లోనే చట్టం చేసింది. పిల్లవాడు తప్పు చేస్తే అమ్మానాన్నలతో పాటు తాతలు, పిన్నులు, బాబాయిలు, నష్టపోయినవాళ్లు కూడా ఒకచోట కూర్చుని ముందు ఏం చేయాలో నిర్ణయించే పద్ధతి. అక్కడి మావోరీ ప్రజల ఆచారం నుంచి వచ్చిందది. మన దగ్గరా కొంత అనుభవం ఉంది. ప్రొఫెసర్ శాంతా సిన్హా, ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో పనిపిల్లల్ని బడికి మళ్లించినప్పుడు, పిల్లలతో ఎంత పని చేశారో తల్లిదండ్రులతో, పంచాయతీతో, పనిలో పెట్టుకున్న యజమానులతో అంతకన్నా ఎక్కువ చేశారు. పిల్లవాడు బడికి వెళ్లడం ఊరి బాధ్యత అయ్యేదాకా వదల్లేదు. ఆ కృషికే ఆమెకు 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. పల్లెలో అయిన పని నాంపల్లి గల్లీలో కాదనడానికి నాకు కారణం కనిపించదు. ఒక్క జాగ్రత్త: బస్తీ పెద్దల్ని పిలిచేది తోడు నిలవడానికే, వాడికి మరో శిక్ష వేయడానికి కాదు.

18 దాటి హోమ్ నుంచి బయటికొచ్చే వాళ్లకు ఇల్లే లేకపోతే, 21 ఏళ్ల దాకా అనంతర సంరక్షణ కింద సాయం చేసే వీలుంది. మిషన్ వాత్సల్య పథకంలో నెలకు 4,000 రూపాయలు దానికి పెట్టారు. 18 దాటాక పట్టుబడి చంచల్‌గూడ జైలుకు చేరిన వాళ్ల కుటుంబాలు ఇంకొకటి తెలుసుకోవాలి. 21 లోపువాళ్లను యావజ్జీవం పడని నేరాలకు, కారణాలు రాసి పెట్టకుండా జైలుకు పంపకూడదని 1958 నాటి ప్రొబేషన్ చట్టం చెబుతోంది. మీ వకీలును ఆ చట్టం ప్రస్తావించమనండి.

చివరిగా, బిడ్డ ఇప్పుడు లోపల ఉన్న తల్లులకు, తండ్రులకు. వచ్చే ములాఖత్‌కు వెళ్లినప్పుడు ప్రొబేషన్ ఆఫీసరుగారిని కలిసి, "సార్, మావాడి సంరక్షణ ప్రణాళికలో ఏం రాశారు, విడుదల నివేదిక ఎప్పుడు రాస్తారు" అని అడగండి. అడిగే హక్కు మీకుంది, మొహమాటపడకండి. ఇంట్లో వెతికి పాత బడి టీసీ, పుట్టిన తేదీ పత్రం, ఆధార్ జిరాక్సులు వెంట పట్టుకెళ్లండి. టీసీ దొరక్కపోతే ఈ వారమే ఆ బడికి వెళ్లి అడగండి. వకీలు కోసం అప్పు చేయకముందు 15100కు ఫోన్ చేయండి, అది ఉచిత న్యాయ సహాయం నంబరు. పిల్లలకు ఏ ఆపద వచ్చినా 1098 ఉంది. వాడికి నచ్చిన పని తెలిసిన ఉస్తాద్ మీ గల్లీలో ఎవరున్నారో ఒకసారి ఆలోచించి, ఆ పేరు ప్రొబేషన్ ఆఫీసరుకు ఇవ్వండి. వాళ్ల నాన్నను ఈసారి వెంట తీసుకెళ్లండి.